గంభీర వీక్షకులు

మా ఊళ్ళో పురిటి ఇంటి గుమ్మానికి వేపరెమ్మ కడతారు. అది కనబడితే ఎంత దగ్గరివాళ్ళయినా వాకిట్లోనే నిలబడి, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగి వెళ్ళిపోతారు. తలుపు వేసుకోవలసిన పని ఉండదు. అందుకని బెజవాడలో మా అక్క సుగుణ ఆసుపత్రి నుంచి పాపతో ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, స్వర్ణచంద్రిక టవర్స్ ఏ బ్లాకులో వాళ్ళు అద్దెకుంటున్న 304 నంబరు ఫ్లాటు గుమ్మానికి ఒక వేపరెమ్మ కట్టడం.

మర్నాడు పొద్దున చూస్తే రెమ్మ లేదు. దాని వల్ల పక్కన వేలాడుతున్న టు-లెట్ బోర్డు సగం కనబడడం లేదట. రెమ్మ ఉన్న చోట ఒక చీటీ అంటించి ఉంది. "వేలాడదీయబడిన వృక్షభాగము తొలగించడమైనది. ఇట్లు, కార్యదర్శి."

టు-లెట్ బోర్డు ఎందుకంటే, ఓనరు గారు ఫోన్ చేసి నెలలో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. కారణం ఏమిటని బావ అడిగితే కారణమేమీ లేదన్నారు. నిజాయితీ గల మనిషి. అమ్మ చెయ్యి విరగ్గొట్టుకుని మంచంలో ఉండడంతో, పురిటి పనికి అవనిగడ్డ దగ్గర మా ఊరి నుంచి నేను వచ్చాను. పాపకి నీళ్ళు పొయ్యడం, సాంబ్రాణి వెయ్యడం, అక్కకి బాలింత కారం పెట్టడం, ఇవే నా పనులనుకున్నాను.

పాపకి ఆరో రోజున మొదటి జట్టు వచ్చింది. ఐదుగురు. దగ్గరగా వేసిన తలుపు తోసుకుని చెప్పులతోనే లోపలికి వచ్చారు. "బెడ్రూమ్ ఇదేనా?" అని అందులో పెద్దాయన అడిగాడు గానీ, నేను జవాబు చెప్పేలోగా తలుపు తీసేశాడు. అక్క పాపకి పాలిస్తోంది. అక్క కొంగు లాక్కునేలోగా ఆయన కిటికీ దాకా వెళ్ళి, గాలి ఎటు నుంచి వస్తోందో చేత్తో పట్టి చూసుకుని, "గాలికి లోటు లేదే," అని భార్యకి చెప్పాడు. ఆవిడ బీరువా తెరిచి చూసింది. "మరీ ఇరుకు," అంది. అది మా అక్క పెళ్ళినాటి బీరువా. ఇంటితో రాదు. ఆ సంగతి చెబితే, "అట్టాగా, అయినా ఇరుకే," అంది.

ఆ రోజు ఇంకో మూడు జట్లు వచ్చాయి. సాయంత్రం బావ ఆఫీసు నుంచి రాగానే సంఘం కార్యదర్శి దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. మా బావ శేషుబాబు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా, కోపం వస్తే ఆయనకి మాట రాదు.

ఓనర్ల సంఘం కార్యదర్శి భీమేశ్వరరావు గారు కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సెల్లారులో జనరేటరు గది పక్కన ఆయన ఆఫీసు. బల్ల మీద రిజిస్టర్లు, గోడ మీద ఏదో డెల్టా పటం.

"చెప్పకుండా వచ్చేస్తున్నారండీ," అన్నాడు బావ. "లోపల బాలింత ఉంది."

"చెప్పకుండానే రావాలి," అన్నారు కార్యదర్శి గారు తలెత్తకుండా. "ఆకస్మిక వీక్షణ విధానమని సంఘం తీర్మానించింది. చెప్పి వస్తే మీరు ఇల్లు సర్దుతారు. సర్దిన ఇల్లు యథార్థ స్థితిలో ఉన్న ఇల్లు కాదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఒక్క కాలువ లాకు దగ్గరికీ చెప్పి వెళ్ళలేదండీ. చెప్పి వెళితే కాలువలో నీళ్ళుంటాయి. చెప్పకుండా వెళితే నిజం ఉంటుంది."

"అది కాలువండీ. ఇది కాపురం."

"ప్రవాహం ఉన్న ప్రతిదీ తనిఖీకి లోబడినదే."

బావ బల్ల మీదికి వంగాడు. "పోనీ బెల్లయినా కొట్టమనండి."

"బెల్లు కొట్టడం కూడా ఒక విధమైన ముందస్తు సమాచారమే," అన్నారాయన బాధగా. ఇంత చిన్న విషయం మాకు తెలియనందుకు బాధపడినట్టున్నారు. ఆ పైన ఒక రిజిస్టరు మా వైపు తిప్పి చూపించారు. "ఈ విధానం వచ్చాక పోయిన నెల ఒక్క నెలలో మన టవర్స్‌లో రెండొందల పన్నెండు వీక్షణలు జరిగాయి. విధానం రాకముందు ఏ నెలా ముప్పై దాటలేదు."

"ఎన్ని ఇళ్ళు అద్దెకి పోయాయండీ?" అని అడిగాను.

"అది వేరే రిజిస్టరు," అన్నారాయన.

మర్నాటి నుంచి నేను తలుపు గడియ పెట్టడం మొదలుపెట్టాను. ఒక పూట నడిచింది. బయట రెండు నిమిషాలు నిలబడవలసి వచ్చిందని ఒక జట్టు ఫిర్యాదు రాసిచ్చింది. మధ్యాహ్నానికి వాచ్‌మన్ కోటయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు.

"ఏమనుకోబాకమ్మా. ఊడదియ్యమని రాసిచ్చారు, ఊడదీస్తన్నా," అన్నాడు.

వీధి తలుపు గడియ, పడగ్గది గడియ తీసి జేబులో వేసుకున్నాడు. పడగ్గది గడియ మీద ఎవరో ఎప్పుడో కిటికీకి రంగు వేస్తూ చిందించిన నీలం చుక్క ఉండేది. రసీదు కూడా ఇచ్చాడు. "గడియలు రెండు, స్క్రూలు ఎనిమిది స్వాధీనం చేసుకోవడమైనది." బాత్రూం గడియ మాత్రం మానవతా దృష్టితో వదిలేశారు.

కాబట్టి అక్క బాత్రూంలో స్టూలు వేసుకుని పాపకి పాలివ్వడం మొదలుపెట్టింది. అక్కడికీ కుళాయిలో నీళ్ళు ఎంత జోరుగా వస్తాయో చూడాలని వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా వస్తూనే ఉండేవాళ్ళు. అక్క కన్నంటుకోగానే ఎవరో ఒకరు వచ్చి లైట్లన్నీ వేసి చూసేవాళ్ళు. మంచం పట్టే గదేనా అని ఒకాయన మా మంచం మీదే నిలువునా పడుకుని చూశాడు. మీరేమిట్లు, ఏ కులం, ఎందుకు ఖాళీ చేస్తున్నారు, బల్లులున్నాయా, పక్కింటివాళ్ళు మాంసం వండుతారా అని అడిగేవాళ్ళు. అడిగి తప్పు చేస్తున్నామని ఎవరికీ అనిపించేది కాదు. చేతిలో కోటయ్య గేటు దగ్గర ఇచ్చిన పసుపు కార్డు ఉండేది. దాని మీద "వీక్షకులు" అని అచ్చు వేసి ఉండేది.

వెళ్ళేటప్పుడు వాళ్ళు ఒక ఫారం నింపాలి. ఇల్లు, గాలి, నీరు, వెలుతురు, ఇతరములు. ఇతరముల కింద ఏడుగురు "పిల్ల ఏడుస్తోంది" అని రాశారు. గడియలు ఊడదీసిన మూడో రోజున మాకు మెమో వచ్చింది. "ఫ్లాటు నం. 304లోని శిశువు (పేరు ఇంకా నిర్ణయింపబడలేదు) వీక్షణ సమయమున తరచుగా ఏడ్చుచున్నట్లు ఫిర్యాదులు అందినవి. ఇందుకు కారణము మూడు దినములలో తెలియజేయవలెను."

"చింపి పారెయ్యవే," అంది అక్క. ఆమె కళ్ళ కింద నల్లగా ఉబ్బిపోయి ఉంది.

చింపితే ఇంకో మెమో వస్తుందని నేను జవాబు రాశాను. "నిద్రాభంగము, ఆకలి. బారసాల ఇంకా జరగనందున శిశువు సంతకము చేయలేకపోయినది." సంజాయిషీ తృప్తికరంగా ఉందని కార్యదర్శి గారు ఫైలు చేసుకున్నారట.

పన్నెండో రోజున పాపని డాక్టరమ్మకి చూపించాం. పుట్టినప్పుడు రెండు కిలోల ఏడొందలు. ఇప్పుడు రెండున్నర. డాక్టరమ్మ తూకం రెండుసార్లు చూసింది.

"తల్లి నిద్రపోతోందా?" అని అడిగింది.

అక్క కూర్చున్న కుర్చీలోనే జోగుతోంది.

"నిద్ర లేకుండా, కుదురుగా కూర్చుని పట్టకుండా పాలెక్కడ పడతాయి? ఒక గదిలో తలుపేసుకుని ఇద్దరూ పడుకోండి. మందు అదే. పది రోజులు చూస్తాను. మూడొందల గ్రాములు పెరగకపోతే పాపని ఇక్కడే పెట్టుకోవాల్సి వస్తుంది."

ఆటోలో అక్క పాపని పొదువుకుని కూర్చుంది. తాళం వెయ్యడానికి గడియ లేని ఇంటికి వచ్చేసరికి వంటింట్లో పదకొండుమంది ఉన్నారు.

హైమావతి గారని, అప్పటికి మూడుసార్లు ఇల్లు చూసి వెళ్ళినావిడ. ఆవిడకి ఇల్లు నచ్చింది గానీ నమ్మకం కుదరలేదు. ఈ ఇంట్లో పాలు ఏ దిక్కుకి పొంగుతాయో చూశాక గానీ చేరేది లేదని ముహూర్తం పెట్టించుకుని, చుట్టాలతో, సిద్ధాంతి గారితో వచ్చేసింది. మా స్టవ్వు మీద ఇత్తడి గిన్నె, అందులో పాలు. గిన్నెకి పసుపు కుంకుమ.

"ఇదేంటండీ, మేమింకా ఉన్నాం కదా!" అన్నాడు బావ.

"ఉండండి నాయనా, మాకేం అడ్డం?" అంది హైమావతి గారు.

బావ కార్యదర్శి గారిని పిలుచుకొచ్చాడు. ఆయన గిన్నె వైపు, స్టవ్వు వైపు చూసి, జేబులోంచి తీర్మానాల పుస్తకం తీసి చదివారు. "గృహప్రవేశము వేరు, గృహప్రవేశ యోగ్యతా పరీక్ష వేరు. రెండవది వీక్షణలో అంతర్భాగము. వారు తెచ్చుకున్న పాలు వారివే గనుక అభ్యంతరము లేదు."

"గ్యాసు మాదండీ!"

"వినియోగించిన పరిమాణం స్వల్పం."

పాలు మొదటిసారి పడమటికి పొంగాయి. హైమావతి గారి మొహం వాడిపోయింది. స్టవ్వు ఒక పక్కకి వాలి ఉందని సిద్ధాంతి గారు కాలు కింద అట్టముక్క పెట్టించారు. రెండోసారి ఉత్తరానికి పొంగాయి. మూడోసారి తూర్పుకి పొంగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అంతసేపూ అక్క అన్నం తినలేదు, పాప పాలు చాలక ఏడుస్తోంది. ఆ రోజు ఆ ఇంట్లో సమృద్ధిగా పొంగిన పాలు అవే.

"మూడుసార్లలో ఒకసారే తూర్పు," అంటూ హైమావతి గారు గిన్నె సర్దుకుంది. "ఆలోచించుకుని చెప్తాం."

వెళుతూ వెళుతూ ఇతరముల కింద, జనం ఎక్కువగా ఉన్నారని రాసింది. దాంతో కార్యదర్శి గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. వీక్షణ జరుగుతున్నంతసేపూ అద్దెదారులు బాల్కనీలో ఉండాలి. బాల్కనీని చూస్తున్నప్పుడు మాత్రం లోపలికి రావచ్చు.

"ఇంక లాభం లేదు. రేపే ఎక్కడో ఒక కొంప చూసి పోదాం," అన్నాడు బావ. ఇక్కడే బి బ్లాకులో 112 ఖాళీ అవుతోందని కోటయ్య చెప్పాడు. అక్కని ఎక్కువ దూరం కదల్చక్కర్లేదని మర్నాడు బావా నేనూ చూడడానికి వెళ్ళాం. గేటు దగ్గర కోటయ్య రిజిస్టర్లో పేర్లు రాయించుకుని మాకూ చెరో పసుపు కార్డు ఇచ్చాడు. కార్డు చేతికి రాగానే అతని గొంతు మారింది.

"రండి సార్, దయచెయ్యండి. చెప్పులు విప్పక్కర్లేదు."

112లో ఒక పెద్దాయన ఒక్కడే ఉంటున్నాడు. అన్నం తింటున్నాడు. పప్పులో వేళ్ళు పెట్టినవాడు పెట్టినట్టే మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "చూడండి, చూడండి," అని గోడ వైపు జరిగాడు. అలవాటయిపోయినట్టుంది.

"మీరు కూర్చోండి తాతగారూ, తినండి," అన్నాను.

"కూర్చుంటే అడ్డమని రాస్తారమ్మా," అన్నాడు.

బావ తల వంచుకున్నాడు. అయినా మేమూ గదులు చూశాం. కిటికీలు తెరిచాం. నేను కుళాయి తిప్పాను. చూడక తప్పదు కదా, మాకూ ఇల్లు కావాలి.

"గంభీర వీక్షకులకి ఇంకో సౌకర్యం ఉంది సార్," అన్నాడు వెంట వచ్చిన కోటయ్య. "ఏకాంత పరిశీలన. లోపల గడియ పెట్టుకుని, చప్పుడేమాత్రం వస్తదో, గాలి ఎట్టా ఆడతదో నిదానంగా చూసుకోవచ్చు. ఈయన్ని బయట కూర్చోబెడతా."

అంటూనే జేబులోంచి గడియ తీసి పడగ్గది తలుపుకి నాలుగు స్క్రూలు బిగించాడు. దాని మీద నీలం చుక్క ఉంది.

గడియ పడింది. ఆరు రోజుల తరవాత మొదటిసారి నా చుట్టూ పరాయివాళ్ళెవరూ లేరు. బావ తెలియనివాళ్ళ మంచం అంచు మీద కూర్చుని, కూర్చున్నట్టే నిద్రపోయాడు. నేను కిటికీలోంచి చూశాను. పెద్దాయన కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పప్పు ఆరిపోయిన చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు.

ఆ ఇల్లు మాకు సరిపోలేదు. గదులు మరీ ఇరుకు. కానీ తిరిగి వస్తూ గేటు దగ్గర ఆగాను.

"కోటయ్యా, ఆ కార్డు ఎవరికిస్తారు?"

"ఇల్లు చూస్తామన్నవాళ్ళకి."

"ఎవరైనా?"

"ఫారం నింపితే ఎవరైనా. ఏం?"

"మాకు 304 చూడాలనుంది," అన్నాను.

కోటయ్య ఫారాల కట్ట తీశాడు. ఆ తరవాత మొహం పక్కకి తిప్పుకుని ఫారం ఇచ్చాడు. "నాకేం తెలవదమ్మా. నేను రాసిచ్చినట్టు చేసేవాణ్ణి," అన్నాడు. నవ్వుకి భుజాలు కదులుతున్నాయి.

ఫారంలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. వీక్షకుల పేర్లు: శేషుబాబు, సుగుణ, ఇందుమతి, పాప. చూడదలచిన ఫ్లాటు: 304. ప్రస్తుత చిరునామా: 304. దాన్ని పట్టుకుని నేనొక్కదాన్నే సెల్లారుకి వెళ్ళాను. భీమేశ్వరరావు గారు ఫారం అంతా చదివారు. నా మొహం వైపు చూడలేదు. ముప్పై నాలుగేళ్ళు నీటిమట్టాలు చూసిన కళ్ళు, మనిషి మీద నిలవవు.

"స్థానికులే అన్నమాట. మంచిది. ఎంతసేపు పరిశీలిస్తారు?"

"పది రోజులండీ. ఏకాంత పరిశీలన."

ఆయన పెన్ను ఆగింది. "పది రోజులా?"

"నీళ్ళు ఏ పూట ఎంత వస్తాయో ఒక్క గంట చూస్తే తెలియదు కదండీ. ఒక రోజు రీడింగు చూసి ఇంత ప్రవాహమని ఎవరైనా రాయగలరా?"

కార్యదర్శి గారు కళ్ళజోడు తీశారు. పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఈ విధానం పెట్టి ఏడాదయింది. ఇన్నాళ్ళకి ఒక్కరు సరిగ్గా అడిగారు. గేజి రీడింగు పది రోజులకి తగ్గకూడదని సర్వీసంతా మొత్తుకున్నాను, పైవాళ్ళు ఒప్పుకోలేదు. మంజూరు చేస్తున్నాను." రాస్తూ పైకి చదివారు. "సదరు పది దినములు అన్య వీక్షకులను అనుమతించరాదు. వీక్షకుల విశ్రాంతికి గాని, భోజనమునకు గాని భంగము కలిగించరాదు. ప్రస్తుత అద్దెదారులు ఎట్టి పరిస్థితిలోను వీరికి అడ్డు రారాదు."

ఆ చివరి వాక్యం కింద అద్దెదారు సంతకం కావాలన్నారు. బావ వచ్చి, మాకు మేము అడ్డు రామని సంతకం పెట్టాడు.

కోటయ్య రెండు గడియలూ బిగించాడు. నీలం చుక్కది పడగ్గదికే. గుమ్మానికి టు-లెట్ బోర్డు పక్కన, నేను వేపరెమ్మ కట్టిన మేకుకే, పసుపు కార్డు తగిలించాడు. రెమ్మకి చోటివ్వని గుమ్మం దగ్గర కార్డుని చూసి అందరూ నెమ్మదిగా అడుగులు వేశారు. రెండో రోజున హైమావతి గారు నాలుగోసారి పొంగించి చూడడానికి పాలు పట్టుకొచ్చింది. లోపలికి కోటయ్య గొంతు వినబడింది.

"గట్టిగా మాట్లాడబాకండమ్మా. లోపల వీక్షకులు పడుకున్నారు."

"అయ్యో," అని ఆవిడ గొంతు తగ్గించింది. "మరి ఆ అద్దెకున్నవాళ్ళు?"

"వాళ్ళ ఊసే లేదమ్మా."

అక్క మొదటి రోజు పొద్దున పడుకుని సాయంత్రం లేచింది. ఆకలి వేళకి నేను పాపని అందించినప్పుడు మాత్రం సగం కళ్ళు తెరిచేది. నాలుగో రోజుకి పాలు చేపు వచ్చి జాకెట్టు తడిసిపోతుంటే, "ఒసే ఇందూ, ఇటు చూడవే," అని నవ్వింది. ఇరవయ్యొకటో రోజున ముగ్గురమే తలుపేసుకుని పాపని ఉయ్యాల్లో వేశాం. పేరు మాత్రం చెవిలోనే చెప్పాం. పైకి చెబితే ఇంకో మెమో ఆ పేరుతో వస్తుందని బావ భయం.

పదో రోజు డాక్టరమ్మ తూకం చూసింది. రెండు కిలోల ఎనిమిదొందల యాభై.

"ఏం చేశారు?" అంది.

"ఇల్లు చూశామండీ," అన్నాడు బావ.

ఈలోగా బావకి భవానీపురంలో ఒక ఇల్లు దొరికింది. వెళ్ళే ముందు వీక్షకులుగా మేము ఫారం నింపి ఇవ్వాలి. ఇల్లు బాగుంది. గాలి బాగుంది. నీళ్ళు ఏ పూట ఎన్ని బిందెలో పది రోజులవీ రాశాను, కార్యదర్శి గారి మనసు కష్టపెట్టడం ఎందుకని. చివర్న ఒక ప్రశ్న ఉంది. "ప్రస్తుత అద్దెదారుల ప్రవర్తన?" ఉన్నదున్నట్టు రాశాను. "వారి వల్ల ఎట్టి ఇబ్బందీ కలగలేదు. ఈ ఇంట్లో ఎవరూ కాపురం ఉన్నట్టే అనిపించలేదు."

సామాన్లు దింపుతున్న రోజు పొద్దున లిఫ్టు పక్కన కొత్త నోటీసు అంటించి ఉంది. నేను రాసిన వాక్యం అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద ఇలా ఉంది. "304 అద్దెదారులు ఆదర్శప్రాయులు. ఇకమీదట ఖాళీ చేయవలసిన నెలలో అద్దెదారులందరూ ఇంట్లో కాపురం ఉన్నట్టు అనిపించకుండా మెలగవలెను. వంట, భోజనము, నిద్ర మున్నగునవి కనబడరాదు."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. వ్యాను హారను మోగుతోంది. అక్క పాపతో ముందు సీట్లో ఎక్కింది. నేను ఇప్పుడే వస్తానని చెప్పి, కోటయ్య దగ్గర ఇంకో ఫారం తీసుకుని బి బ్లాకుకి వెళ్ళాను.

112 పెద్దాయన మెట్టు మీదే ఉన్నాడు. లోపల ఎవరో గోడలు తట్టి చూస్తున్నారు. ఆయన వేళ్ళు వణుకుతాయి, అందుకని నేనే నింపాను. పేరు, చూడదలచిన ఫ్లాటు, ప్రస్తుత చిరునామా. ఎన్ని రోజులంటే పది. ఆ తరవాత గడిలో ఇల్లు ఎందుకు చూడాలనుకుంటున్నారని ఉంది.

"ఇక్కడ ఏం రాయను తాతగారూ?"

ఆయన లోపలికి ఒకసారి చూశాడు.

"కూర్చుని అన్నం తినడానికని రాయమ్మా," అన్నాడు.